మట్టిదారి టైర్లు

ఆదివారం పదకొండు దాటింది. కరుణాకర్ అప్పటికే షట్టరు సగానికి దించాడు. పాలకుర్తిలో మేనకోడలి నిశ్చితార్థం. భార్య సుగుణ పొద్దున్నే కారు తీసుకుని పోతూ, "నువ్వు బస్సు పట్టుకొని రెండు గంటలకల్ల రాకుంటే మా అన్నకు మొఖం చూపియ్యలేను" అని చెప్పి మరీ వెళ్ళింది. తెల్ల చొక్కా మీద మరక పడకుండా అతను దుకాణంలో అటూ ఇటూ తిరుగుతుండగా ఎత్తైన బండి ఒకటి ముందుకొచ్చి ఆగింది.

మహబూబాబాద్‌లో అలాంటి బండ్లు పదికి మించి ఉండవు. ముందు చక్రం పెద్దది, మడ్‌గార్డు ముక్కులా ముందుకు పొడుచుకొచ్చి ఉంది. తారు మీదా నడుస్తుంది, గుట్టలూ ఎక్కుతుంది. దిగిన మనిషికి ముప్పై లోపే ఉంటాయి. హెల్మెట్ తీసి చంకలో పెట్టుకున్నాడు.

"నమస్తే అన్నా. నేను లచ్చిరాం కొడుకును, ప్రకాశ్. బయ్యారం కాడ తండా. టైర్లంటే కరుణాకర్ పటేల్ దగ్గరికే పొమ్మన్నడు మా బాపు."

లచ్చిరాం కరుణాకర్‌కు బాగా తెలుసు. ఎడ్లబండి టైర్లు మొదలుకొని ట్రాక్టరు ట్రాలీ టైర్ల దాకా ఇరవై ఏళ్ళుగా ఇక్కడే కొంటున్నాడు. ఒక్కసారి కూడా ఇంకో దుకాణంలో ధర కనుక్కుని రాలేదు.

ప్రకాశ్ వంగి వెనక టైరు మీద అరచెయ్యి ఆనించాడు. నడుమ రబ్బరు గుబ్బలు అరిగి చదునైపోయాయి.

"భూపాలపల్లి అవతల అడవిల సెల్ టవర్లు చూస్త అన్నా. వారానికొకసారి ఇంటికొస్త. ఈడికెల్లి ఆడిదాక అంత తారు రోడ్డే. పోయినంక మాత్రం బురద, ఇసుక, వాగులు. రెండిట్ల నడిచే టైర్లు గావాలె. సగం రోడ్డుకు, సగం మట్టికి ఉంటయని ఫోన్ల చూసిన."

అతను అడిగేది ఏమిటో కరుణాకర్‌కు చెప్పకుండానే తెలుసు. నడుమ గుబ్బలు దగ్గరదగ్గరగా ఉండి తారును పట్టుకోవాలి. అంచుల్లో దూరంగా ఉండి బురదను కోయాలి. టైరు పక్కన రోడ్డుకు పాసైన ముద్ర ఉండాలి. ఆ రకం ఈ సైజులో తన దగ్గర లేదు. జనగామలో శ్యాం దగ్గర ఉంది. ఫోన్ చేస్తే సాయంత్రం రైల్లో వేస్తాడు, రేపు పొద్దున చేతికొస్తుంది.

"సేటూ, జనగామకు ఫోన్ కొడుదామా?" అన్నాడు సారయ్య. దుకాణం పెట్టిన నాటి నుంచి ఉన్న ఫిట్టర్ అతను. అరవై దాటాయి.

"ఒక దినం ఆగుమంటే ఆగుత అన్నా," అన్నాడు ప్రకాశ్. "రేపు సెలవు పెట్టుకుంట. మంచియి పడాలె గంతే."

కరుణాకర్ గడియారం చూశాడు. పదకొండూ ఇరవై. ఇప్పుడు శ్యాంకు ఫోన్ చేయాలి, సైజు చెప్పాలి, అతని కబుర్లు వినాలి, రేపు పొద్దున స్టేషనుకు మనిషిని పంపాలి. రేపు తను పాలకుర్తి నుంచి తిరిగొచ్చేది ఏ వేళకో. తల ఎత్తితే అటక మీద జత టైర్లు కనబడ్డాయి. హైదరాబాద్‌లో బురద పందేలకు పోతానని ఒకడు తెప్పించుకుని మళ్ళీ రాలేదు. ఎనిమిది నెలలుగా దుమ్ము పట్టి ఉన్నాయి. అవీ ఈ బండి సైజులే.

"ఆగుడెందుకు? ఉన్నయి," అన్నాడు.

సారయ్య అటక వైపు చూశాడు, తర్వాత కరుణాకర్ వైపు. నిచ్చెన వేశాడు.

దింపిన టైర్లను కరుణాకరే తడిగుడ్డతో తుడిచాడు. బటన్లు అని పిలిచే పెద్ద పెద్ద గుబ్బలు, ఒకదానికొకటి వేలు దూరే ఎడంలో, కోడి కాలిగోళ్ళలా నిక్కి ఉన్నాయి. దుమ్ము పోయాక పక్కన ఇంగ్లిషు అక్షరాలు తేలాయి. నాట్ ఫర్ హైవే యూజ్, రోడ్డు మీద వాడొద్దని. అతని చెయ్యి అక్కడ ఒక్క క్షణం ఆగింది. తర్వాత పాలిష్ డబ్బా మూత తీసి, స్పాంజి ముంచి, టైరు చుట్టూ నల్లగా మెరిసేలా పూశాడు. నలుపులో నలుపు అక్షరాలు కలిసిపోయాయి. కొత్త టైరుకు పాలిష్ పెట్టడం దుకాణంలో ఎప్పుడూ ఉన్నదే.

సారయ్య వెనక చక్రం ఊడదీసి నేల మీద పడుకోబెట్టాడు. గాలి తీసి, మడమతో తొక్కి పాత టైరును రిమ్ము నుంచి విడదీశాడు. సబ్బునీళ్ళు పూసి, రెండు ఇనుప పట్టీలు దూర్చి, గాజు తొడిగినట్టు కొంచెం కొంచెంగా కొత్తది ఎక్కించాడు. ట్యూబు నలగకుండా వేళ్ళతో లోపల తడిమి చూశాడు. తిరిగే వైపు చూపే బాణం గుర్తు సరిచూసుకున్నాడు. కంప్రెసర్ పెట్టగానే రిమ్ము అంచున టైరు టప్, టప్ అని కూర్చుంది. ముందు చక్రానికీ అట్లాగే వేశాడు.

ప్రకాశ్ పక్కనే గొంతుక్కూర్చుని చూస్తున్నాడు. "బటన్లు శాన ఎత్తున్నయి గదన్నా. వాన పడ్డప్పుడు తారు మీద గిన జారవు గదా?"

కరుణాకర్ గాలి మీటరు వైపే చూస్తున్నాడు. "కొత్త టైర్లు గద. మొదట వంద కిలోమీటర్లు జర మెల్లగ పో. గంతే."

కాసేపాగి ప్రకాశ్ మళ్ళీ అడిగాడు. "రోడ్డు మీద నడుస్తయి గదా అన్నా, పక్కా?"

"నడుస్తయి. ఎందుకు నడువయి?"

పన్నెండున్నరకు బండి కదిలింది. బటన్లు తారును తాకి ఊఁ అని ఒక తీరు మోత చేశాయి. ఆ మోత మలుపు దాటేదాకా వినబడింది. సారయ్య చేతులు కడుక్కోవడానికి వెనక్కి వెళ్ళాడు. కరుణాకర్ షట్టరు పూర్తిగా దించి తొర్రూరు మీదుగా పోయే పాలకుర్తి బస్సు కోసం పరుగెత్తాడు. నిశ్చితార్థానికి అందాడు కూడా.

*

మంగళవారం పొద్దున్నుంచీ ముసురు. దుకాణం చూరు కింద ఎరువుల దుకాణం జగన్మోహన్, ఇంకో ఇద్దరు చాయ్ తాగుతున్నారు. సారయ్య లోపల పంక్చరు ట్యూబును ఆకురాయితో గీరుతున్నాడు.

"గిది చూసినవా కరుణాకర్?" అంటూ జగన్మోహన్ ఫోన్ ముందుకు చాపాడు. "నిన్న పొద్దుగాల భూపాలపల్లి తొవ్వల. మక్కకంకులు కాల్చి అమ్మే ముసలామెను గుద్దిండట. మన బయ్యారం దిక్కు తండా పోరడేనట."

ఫోటోలో తడి రోడ్డు ఉంది, పొర్లిపోయిన కంకుల గంప ఉంది, పక్కకు పడిన ఎత్తు బండి ఉంది. బండి వెనక చక్రం ఆకాశం వైపు తిరిగి ఉంది. బటన్ల మీద ఇంకా కొత్త రబ్బరు వెంట్రుకలు కూడా అరగలేదు.

"మనుషులకేమైంది?" అని అడిగాడు కరుణాకర్. గొంతు మామూలుగానే పలికినందుకు అతనికే వింత అనిపించింది.

"ముసలామెకు తొంటి ఇరిగిందట. పోరనికి చెయ్యి ఇరిగింది. ఊరోళ్లు పట్టుకొని నాలుగు ఏసిన్రట గూడ. కేసైంది." జగన్మోహన్ చాయ్ చప్పరించాడు. "తండా పోరగాళ్లకు గీ ఎత్తు బండ్లెందుకు చెప్పు? ఎక్కిన్రంటే విమానం లెక్క తోల్తరు. ఎనుక ముందు చూసుడుండది."

మిగతా ఇద్దరూ అవునన్నట్టు తలలూపారు. ఒకడు తన ఊరి తండా కుర్రాడెవడో కల్వర్టులో పడిన కథ చెప్పాడు. కరుణాకర్ నోట్లో మాట తయారుగానే ఉంది. ఆ టైర్లు నేనే వేశాను. నాలుగే మాటలు. చాయ్ గ్లాసు అడుగున మిగిలిన చక్కెరను చూస్తూ కూర్చున్నాడు. ముసురు తగ్గగానే వాళ్ళు లేచి వెళ్ళిపోయారు.

లోపల ఆకురాయి చప్పుడు ఎప్పుడో ఆగిపోయింది.

"సేటూ," అన్నాడు సారయ్య, "గవి మనం ఏసిన టైర్లే."

"టైర్లదేముంది సారయ్యా? తోలేటోడు సక్కగ తోలాలె గద." అన్నాక ఆ మాట జగన్మోహన్ మాటలాగే వినబడింది అతనికి. సారయ్య ట్యూబుకు ప్యాచీ అంటించి, సుత్తితో మెల్లగా కొట్టి, నీళ్ళ తొట్టిలో ముంచాడు. బుడగలు రాలేదు. ట్యూబును తీసి తాడు మీద ఆరేశాడు.

*

బుధవారం షట్టరు తీయడానికి వచ్చేసరికి మెట్టు మీద లచ్చిరాం కూర్చుని ఉన్నాడు. నెత్తి మీద తువ్వాల తడిసిపోయింది. కరుణాకర్‌ను చూసి లేచాడు. కరుణాకర్ కాళ్ళు రెండడుగులు వెనకే ఆగిపోయాయి. తిట్టడానికే వచ్చాడనుకున్నాడు.

"పటేలా," అన్నాడు లచ్చిరాం చేతులు జోడించి, "మావోడు తప్పు చేసిండు. ముసలామె తొంటి ఇరగ్గొట్టిండు. మాకు మొఖం లేదు."

కరుణాకర్ తాళంచెవి గుత్తి చేతిలో తిప్పుతూ నిలబడ్డాడు.

"భూపాలపల్లి ఎస్సై మీ అత్తగారి పాలకుర్తి దిక్కు అల్లుడేనట. నువ్వు జర వచ్చి ఒక మాట చెప్పు. నీ మాట ఇంటరు. మేం పోయి నిలవడితే కూసోమని గూడ అంటలేరు."

"ప్రకాశ్ ఏమంటున్నడు?"

"వాడేమంటడు? మెల్లగనే పోయిన, బిరికేస్తే జారింది అంటడు. ఎవలన్న నమ్ముతరా? నేనే నమ్మలే. వాళ్ల అవ్వ, మా ఇంటామె మోతీబాయి, రెండు దినాల సంది వాని తోటి మాట్లాడ్తలేదు. ఫోన్ చేస్తే ఎత్తది. మన ఇంటి మనిషి అసొంటి ముసలిదాని ఉసురు పోసుకున్నవు అని ఒక్కటే ఏడుపు."

కరుణాకర్ కారు తీశాడు. దారి పొడుగునా లచ్చిరాం తడి తువ్వాలను సీటుకు తగలకుండా ఒళ్ళోనే పట్టుకుని కూర్చున్నాడు. నర్సంపేట దాటారు, ములుగు దాటారు. చెప్పేద్దామని కరుణాకర్ రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు. రెండుసార్లూ లచ్చిరామే, "నువ్వొస్తున్నవు, గంతే చాలు పటేలా" అన్నాడు. ఆ మాట విన్నాక నోరు తెరవడం ఇంకా కష్టమైంది.

ప్రమాదం జరిగిన మలుపు రాగానే లచ్చిరాం చెయ్యి చూపాడు. కరుణాకర్ కారాపి దిగాడు. చింపిన తాటాకు నీడ కింద చల్లారిన బొగ్గుల కుంపటి ఒరిగి ఉంది. తారు మీద బండి జారిన గీత ఇంకా పోలేదు. ముప్పై ఏళ్ళు టైర్ల అరుగుదల చూసి మనిషి ఎట్లా తోలుతాడో చెప్పగలిగిన కళ్ళు అతనివి. కుంపటికి చాలా ముందే గీత మొదలైంది. అంటే ముసలామెను దూరం నుంచే చూశాడు, అప్పుడే బ్రేకు వేశాడు. అయినా గీత మరీ పొడుగు లేదు. వేగంగా పోయే బండి ఇంత దూరంలో ఆగిపోదు, ఇంకా చాలా దూరం ఈడ్చుకుపోతుంది. గంటకు నలభై కిలోమీటర్లు మించి పోలేదు. మంచి టైరు అయితే కుంపటికి పది అడుగుల ఇవతలే నిలిచేది. ఇక్కడ బటన్ల మొనలు మాత్రమే తడి తారును తాకాయి, తాకి వంగిపోయాయి. మెల్లగా పొమ్మని తను చెప్పినట్టే పోయాడు పిల్లవాడు.

"ఏం చూస్తున్నవు పటేలా?"

"ఏం లేదు," అన్నాడు కరుణాకర్. పక్కకు తిరిగి కారెక్కాడు.

ఠాణాలో ఎస్సై లేచి నిలబడి చెయ్యి కలిపాడు. "మా మామ మీ గురించి శానసార్లు చెప్పిండు అన్నా," అని కుర్చీ చూపాడు. లచ్చిరాం గోడ దగ్గరే నిలబడ్డాడు. బయట వానలో ఎత్తు బండి ఇంకో రెండు బండ్ల మధ్య ఒరిగి ఉంది.

"చూడన్నా, నువ్వొచ్చినవు కాబట్టి చెప్తున్న. ముసలామె రాజీకొస్తే చిన్న కేసు రాసి పంపిస్త. దవాఖానలనే ఉన్నది, పోయి మాట్లాడుకోండ్రి. రేపు బండిని చూసే ఆఫీసరొస్తడు. ఆలోపల అయిపోవాలె." తర్వాత లచ్చిరాం వైపు తిరిగాడు. "మీ పోరనికి చెప్పు. రోడ్డు మీ అయ్య జాగీరు కాదని."

"చెప్త సారూ," అన్నాడు లచ్చిరాం.

బయటికి రాగానే లచ్చిరాం వంగి కరుణాకర్ కాళ్ళు ముట్టుకున్నాడు. కరుణాకర్ వెనక్కి జరగబోయాడు, కుదరలేదు.  ఇక్కడితో ఆగిపోవచ్చు. పని అయిపోతుంది, పిల్లవాడు బయటపడతాడు, తండా తండా తన పేరు చెప్పుకుంటుంది. ఎవరికీ ఏమీ తెలియనక్కరలేదు.

*

దవాఖానలో ఆడవాళ్ళ వార్డు చివరి మంచం మీద ఓదెమ్మ ఉంది. కాలికి తాడు కట్టి, తాడు చివర ఇటుకంత బరువు వేలాడదీశారు. మనిషి చిన్నది, గొంతు పెద్దది. మంచం పక్కన స్టూలు మీద ప్రకాశ్ భార్య సుమ కూర్చుని గిన్నెలో జావ కలుపుతోంది. ప్రమాదమైన రోజు నుంచీ ఆమే ఓదెమ్మ దగ్గర ఉంటోందని లచ్చిరాం దారిలో చెప్పాడు. కిటికీ దగ్గర ప్రకాశ్ నిలబడి ఉన్నాడు. కుడిచేతికి పిండికట్టు, ఎడమ కన్ను కింద వాపు. కరుణాకర్‌ను చూసి, "అన్నా, నువ్వెందుకొచ్చినవు గింత దూరం?" అన్నాడు. నిజంగానే నొచ్చుకున్నట్టు అన్నాడు.

లచ్చిరాం మంచం దగ్గరికి పోయి చేతులు జోడించాడు. "అవ్వా, ఈ పటేల్ మా కోసం వచ్చిండు. మావోడు తెల్వక తప్పు చేసిండు. నువ్వు జర మనసు పెద్దగ చేసుకొని..."

"ఏం తప్పు చేసిండు?" అంది ఓదెమ్మ.

లచ్చిరాం జోడించిన చేతులు దించాడు.

"నేను అప్పటి సంది మొత్తుకుంటున్న. పిలగాడు మెల్లగనే వచ్చిండు. నేను కంకులకు ఉప్పు రాసుకుంట మలుపుల నిలవడ్డ. నన్ను దూరం కెల్లి చూసిండు, బిరికి ఏసిండు. బండి నిలువలే. గదేదో సబ్బు మీద కాలేసినట్టు పక్కకు పోయింది. పడ్డంక గూడ, నెత్తురు కారుకుంట, నా దగ్గరికే ఉరికొచ్చిండు. ఊరోళ్లొచ్చి కొడుతుంటె నేను కింద పడి ఒర్రిన, కొట్టకుండ్రి అని. నా మాట ఎవలిన్నరు? పోలీసాయనకు చెప్పిన. ఆయనగూడ రాసుకోలే. నీకు తెల్వదు ముసలిదానా, ఊకో అన్నడు."

సుమ చెంచా గిన్నెలోనే ఆపింది. ప్రకాశ్ కిటికీ ఊచ పట్టుకుని నేలకేసి చూస్తున్నాడు.

"మరి బండెందుకు నిలువలే అవ్వా?" అన్నాడు లచ్చిరాం. అడుగుతున్నది ఆమెనో కొడుకునో తెలియనట్టుగా అన్నాడు.

"గది నాకేమెరుక? బండ్ల సంగతి బండ్లోళ్లకే తెలుస్తది. గీయన టైర్ల దుకాణమాయనే అంటివి గద, గీయన్నే అడుగు."

అందరూ కరుణాకర్ వైపు చూశారు. వాళ్ళ చూపుల్లో అనుమానమేమీ లేదు. తెలిసిన మనిషి చెబుతాడని చూశారు, అంతే. కరుణాకర్ మంచం కడ్డీ పట్టుకున్నాడు. అది చల్లగా ఉంది.

"టైర్ల తోటి," అన్నాడు. గొంతు చాలా మెల్లగా వచ్చింది. మళ్ళీ అన్నాడు. "టైర్ల తోటి నిలువలే. అవి రోడ్డు మీద నడిచే టైర్లు కావు. ఒట్టి మట్టిల, బురదల పందేలకు పనికొచ్చేవి. తడి తారు మీద పట్టు దొరకది. దాని మీదనే రాసుంటది, రోడ్డు మీద వాడొద్దని. నేను సదివిన. సదివి గూడ ఏసిన."

వార్డులో ఎవరో దగ్గుతున్నారు. లచ్చిరాం ఇంకా అర్థం కానట్టు నోరు కొంచెం తెరిచి చూస్తున్నాడు.

"సరైనవి లేకుండెనా?" అడిగింది సుమ.

"జనగామల ఉండె. ఒక దినంల వస్తుండె. ఫంక్షనుకు పోవాలని... ఫోన్ చెయ్యలే."

ప్రకాశ్ తలెత్తాడు. కోపం కోసం కరుణాకర్ ఆ ముఖమంతా వెతికాడు. కోపం ఉంటే తట్టుకోవడం తేలికయ్యేది.

"నేను అడిగిన గదన్నా," అన్నాడు ప్రకాశ్. "రెండు సార్లు అడిగిన."

"అడిగినవు."

"మూడు దినాల సంది నాకు నేనే అనుకుంటున్న. ఏడనో బిరికి గట్టిగ ఒత్తిననో, నిద్ర మత్తుల ఉన్ననో అని. ఒక్కొక్క నిమిషం మళ్ల మళ్ల యాద్ చేసుకుంటున్న, తప్పు ఏడ జరిగిందా అని."  పిండికట్టు చెయ్యిని ఎడమచేత్తో ఎత్తి ఛాతీకి ఆనించుకున్నాడు. 

కరుణాకర్ ఓదెమ్మ వైపు తిరిగాడు. "నీ తొంటి ఇరగ్గొట్టింది నేనే అవ్వా. పిలగాడు కాదు."

 కాలికి కట్టిన బరువు కొద్దిగా ఊగుతోంది.

"నాకు చెప్తే ఏమొస్తది?" అంది ఓదెమ్మ. "నా తొంటి అతుకుతదా? రాసుకునేటోని కాడికి పోయి చెప్పు. పోయి చెప్పినంక, నా మాటగూడ రాసుకోను రమ్మను. మల్లొకసారి ఊకో అంటే ఊకోనని చెప్పు."

*

ఎస్సై మొదట నవ్వాడు. తర్వాత తలుపు దగ్గరగా వేసి వచ్చి కూర్చున్నాడు.

"అన్నా, ఆలోచించుకో. ముసలామె రాజీకొస్తది, పోరడు బయటపడ్తడు. అయిపోయేదానికి నువ్వెందుకు మెడ పెడ్తున్నవు? నువ్వు కాయితం రాసిస్తే నీ మీదికి కేసొస్తది. దుకాణం లైసెన్సు కాడికొస్తది. పేరు పోతది."

"పోరడు బయటపడుడు కాదు సార్. పోరడు తప్పు చెయ్యలే. రెండు ఒకటి కాదు."

ఎస్సై పెన్ను టేబులు మీద రెండుసార్లు తట్టాడు. తెల్ల కాగితం ఒకటి ముందుకు తోశాడు.

ఎన్నో ఏళ్ళుగా బిల్లులు తప్ప ఇంకేమీ రాయని చెయ్యి కరుణాకర్‌ది. తన పేరు, తండ్రి పేరు, దుకాణం పేరు రాశాడు. ఫలానా ఆదివారం నాడు, ఫలానా బండికి, రోడ్డుకు పాసైన ముద్ర లేని టైర్లు పొరపాటున వేశాను అని రాశాడు. రాసిన వాక్యం చదువుకున్నాడు. బయట ఎవరో బండి స్టార్టు చేస్తున్నారు, ఇంజను పట్టుకోవడం లేదు. కరుణాకర్ 'పొరపాటున' అన్న మాట మీద అడ్డంగా గీత కొట్టి, పైన 'తెలిసి' అని రాశాడు. ప్రకాశ్‌కు చెప్పకుండా, అని ఇంకో రెండు మాటలు కలిపాడు. కింద సంతకం చేసి కాగితం తిప్పి పెట్టాడు.

ఎస్సై చదివాడు. కొట్టివేత దగ్గర వేలు పెట్టి చూపాడు. "దిద్దిన కాడ గూడ సంతకం పెట్టాలె."

కరుణాకర్ అక్కడ కూడా సంతకం పెట్టాడు.

"ఓదెమ్మ వాంగ్మూలం తీసుకోవాలె సార్. ఇయ్యాలనే."

"పంపిస్త తియ్యి," అన్నాడు ఎస్సై. అన్నా అనే పిలుపు ఈసారి రాలేదు. కుర్చీలోంచి లేవలేదు కూడా.

కానిస్టేబుల్ కాగితాలతో దవాఖానకు వెళ్ళేదాకా కరుణాకర్ ఠాణా ముందే ఉన్నాడు. తర్వాత లచ్చిరాంను వెతుక్కుంటూ కారులో బస్టాండుకు పోయాడు. లచ్చిరాం అక్కడ చూరు కింద నిలబడి ఫోనులో తమ భాషలో మాట్లాడుతున్నాడు. అవతలి గొంతు మోతీబాయిదని ఎవరూ చెప్పనక్కరలేదు. ఆమె ఏడుపు ఫోనులోంచి బయటికి వినబడుతోంది. లచ్చిరాం ఊఁ, ఊఁ అంటూ విన్నాడు. ఫోను పెట్టేసి తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు.

"రా లచ్చిరాం, పోదాం," అన్నాడు కరుణాకర్ కారు తలుపు తెరిచి. "చీకటి పడకముందే చేరుతం."

లచ్చిరాం కారు వైపు రాలేదు.

"నేను బస్సుకొస్త పటేలా."

"ఎందుకు? ఇద్దరం పొయ్యేది ఒకటే తొవ్వ గద."

లచ్చిరాం ఫోనును జేబులో పెట్టుకున్నాడు. మాటలు ఒక్కొక్కటిగా వచ్చాయి.

"వాళ్ల అవ్వ ఇప్పుడు కొడుకు తోటి మాట్లాడింది. అన్నం తిన్నవా అని అడిగిందట. నువ్వు చెప్పకపోతే అడుగకపోవు. గది నిజమే." అతను రోడ్డు వైపు చూశాడు. "గని నేను పొద్దుగాల నీ కాళ్లు మొక్కిన పటేలా. వాన్ని తిట్టిన. నమ్మలే వాన్ని. నిన్ను నమ్మిన. నీ పక్కన కూసోని రెండు గంటలు ఏం మాట్లాడాల్నో నాకు సమజైతలేదు."

కరుణాకర్ తలుపు పట్టుకునే ఉన్నాడు. క్షమించమని అడగడానికి వచ్చిన మాట నోట్లోనే ఉంది. అది ఇప్పుడు అడిగితే ఈ ముసలాయన మీద ఇంకో బరువు వేసినట్టే అవుతుందని మొదటిసారి తట్టింది. తలుపు మెల్లగా వేశాడు.

మహబూబాబాద్ బస్సు వచ్చింది. లచ్చిరాం కడ్డీ పట్టుకుని ఎక్కాడు. కిటికీ పక్కన సీటు దొరికింది. ఇటు చూడలేదు.

బస్సు కదిలాక కరుణాకర్ కూడా కారు తీశాడు. మళ్ళీ ముసురు మొదలైంది. బస్సు చక్రాలు లేపే నీళ్ళు అద్దం మీద పడుతుంటే వైపర్లు కొట్టుకుంటున్నాయి. ములుగు దాకా బస్సు ప్రతి ఊళ్ళో ఆగింది. మనుషులు దిగారు, ఎక్కారు. ఎదురుగా బండ్లు లేని తిన్నని రోడ్డు, దాటిపోయే వీలున్న చోట్లు ఎన్నో వచ్చాయి. వెనక నుంచి వచ్చిన లారీలు హారన్ కొట్టి రెండింటినీ దాటిపోయాయి. బస్సు ఆగిన ప్రతిచోటా కరుణాకర్ వెనకే ఆగాడు. అది కదిలాకే కదిలాడు.

నర్సంపేట దాటినా అతను బస్సును దాటలేదు.